మళ్ళీ ఆ స్టార్ల చార్టే

చిన్నది ఇప్పుడే పడుకుంది. నేనూ పడుకునేదాన్నే, ఆ చార్టు కళ్ళ ముందు నుంచి కదిలితేగా!

నేను పాఠాలు చెప్పే క్లాసులో పిల్లలకి గ్రూపులవారీగా స్టార్లు పెట్టమని పైనుంచి హుకుం వచ్చింది, నేను గొణుక్కున్నాను కూడా. ఇవాళ మన మౌనస్వామి, అదే, క్లాసులో నోరు విప్పని పిల్లాడు, హోంవర్కు తేలేదు, వాళ్ళ గ్రూపుకి స్టారు పోయింది. పక్కనున్న పిల్ల పుస్తకాలు, పెన్సిలు డబ్బా, ఆఖరికి మోచెయ్యి కూడా అవతలికి జరిపేసుకుంది. నోరు విప్పి ఒక్క మాటనలేదు. వాడేమో బల్ల మీద రబ్బరుతో రుద్దుతూ కూర్చున్నాడు. అక్కడ చెరపడానికి ఏమీ లేదు. పిల్లల్ని కలపడానికట ఈ చార్టు!

"గ్రూపులెందుకు, క్లాసంతటికీ ఒకే లెక్క పెట్టెయ్" అన్నారు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా. భేషుగ్గా ఉందనిపించింది. గిన్నెలు సర్దుతుంటే తట్టింది, అప్పుడు క్లాసు క్లాసంతా వాడి మీద పడుతుందని. వద్దు బాబూ.

నా చిన్నప్పుడు మా మూడో తరగతి టీచరుగారు హాజరు వేస్తూ, ఎవరైనా రాకపోతే పక్కవాళ్ళని అడిగేవారు, ఏమైందని. తెలీదంటే తిట్టేవారు కాదు. పెన్ను ఆపి ఓసారి మనకేసి చూసి, తర్వాతి పేరుకి వెళ్ళిపోయేవారు. ఆ చూపు పడలేక సాయంత్రం వాళ్ళింటికెళ్ళి కనుక్కునేవాళ్ళం. అలా వెళ్ళే నేను గవదబిళ్ళలు అంటించుకొచ్చాను. నా మెడ ఎంత వాచిందో చేత్తో చూపించడానికి క్లాసులో పోటీ పడ్డారట! భయంతో మొదలైందే అనుకోండి, అయినా ఎవరూ ఎవరికీ బరువు కాలేదు.

1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, అప్పటిదాకా విడివిడి బళ్ళలో చదివిన తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లలు ఒకే గదిలో చేరి కొట్టుకుంటుంటే, ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో తలా ఒకటి పంచాడు. ఎవరి ముక్క వాళ్ళే మిగతావాళ్ళకి చెప్పాలి, పరీక్ష మాత్రం పాఠం మొత్తానికీ. తడబడేవాణ్ణి మొదట్లో వెక్కిరించారట. వాడి దగ్గరున్నది తమకి కావాలని అర్థమయ్యాక, ఓపిగ్గా అడిగి రాబట్టుకోవడం నేర్చుకున్నారు.

చార్టు తీసేస్తే నాకు అక్షింతలు తప్పవు, గోడకి ఉండనిస్తాను. రేపు నీటి చక్రం. ఆవిరి ముక్క మౌనస్వామికి. ఒక్క రోజులో ఏమీ అయిపోదు, తెలుసు. కానీ వాడు బొమ్మలు బాగా వేస్తాడు, నోరు పెగలకపోతే బాణం గుర్తులైనా గీసి చూపిస్తాడు. ముక్కలు ఇంకా రాయనేలేదు. వాడిది కాస్త పెద్ద అక్షరాలతో రాయాలి.