రాయి వెంట వచ్చిన ప్రాణులు

శనివారం. కొత్తగా తెచ్చుకున్న పగడం కొమ్మలను పరీక్షించి, కడిగి, విడి తొట్టెలో దించేసరికి పొద్దుటి పూట గడిచిపోయింది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే నాకు ఈ పని ఎంత సేపు పట్టినా విసుగు రాదు.

పగడాలను, చేపలను పెంచే మా ఉప్పునీటి రీఫ్ ట్యాంకు 75 గ్యాలన్లది, అంటే సుమారు 280 లీటర్లు. అందులోని రాళ్ళు ఫ్లోరిడా తీరంలో, మెక్సికో గల్ఫ్‌లో పండించినవి. రాళ్ళను పండించడమేమిటని మా అమ్మ అడుగుతూ ఉంటుంది. గనిలో తవ్విన సున్నపురాయిని అక్కడ లీజుకు తీసుకున్న సముద్రపు నేల మీద పరిచి, కొన్నేళ్ళ పాటు వదిలేస్తారు. స్పాంజీలు, నాచు, నత్తలు, పురుగులు వచ్చి వాటిని పట్టుకుంటాయి. ఆ తర్వాత పైకి తీసి, తడి ఆరకుండా పంపిస్తారు. అందుకే రాయి డాలస్ చేరేసరికి దాని సందుల్లో ఉన్న ప్రాణులన్నీ బతికే ఉంటాయి. వాటిలో కొన్ని మేలు చేస్తాయి, కొన్ని ఉన్నా లేనట్టే, ఒకటి రెండు మాత్రం ట్యాంకు మొత్తాన్ని పాడు చేయగలవు. ఏది ఏదో తేల్చుకోకుండా చేయి చేసుకోకూడదన్నది నా గట్టి నమ్మకం.

పొద్దున్న మా అబ్బాయి తెల్లటి ప్లాస్టిక్ పళ్ళెం, భూతద్దం పట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. మందు నీళ్ళలో ముంచడానికి ముందే ప్రతి కొమ్మనూ అన్ని వైపులా తిప్పి చూస్తాం. పోసిలోపోరా అనే పగడం కొమ్మల మధ్య ఏదో కదిలింది. "అమ్మా, పీత!" అన్నాడు. నున్నటి ఒళ్ళు, లేత గోధుమ రంగు, బొటనవేలి గోరులో సగం కూడా ఉండదు. వెంట్రుకలు లేవు, డెక్కల చివర నలుపు లేదు. ట్రపీజియా అన్నమాట. ఇది ఈ పగడంలోనే కాపురముంటుంది. కొమ్మల మీద పడ్డ మట్టిని దులుపుతుంది. ముళ్ళ కిరీటం నక్షత్రచేప పగడాన్ని తినడానికి ఎక్కితే దాని గొట్టపు పాదాలను గిల్లి వెనక్కి పంపిస్తుంది. మందులో ముంచితే చచ్చిపోతుంది కాబట్టి దాన్ని మెత్తటి కుంచెతో మెల్లగా బయటికి తోలి, గిన్నెలో ఉంచి, కొమ్మను శుభ్రం చేశాక మళ్ళీ దాని చోటికి చేర్చాం. ఒక్క క్షణం ఆగకుండా కొమ్మల మధ్యకు దూరిపోయింది. మా వాడి ముఖం వెలిగిపోయింది. అదే ఒళ్ళంతా వెంట్రుకలు, నల్లటి డెక్క కొనలు ఉన్న పీత అయితే దాన్ని ట్యాంకు కింద ఉండే వడపోత తొట్టెలోకి, అంటే సంప్‌లోకి, పంపేవాళ్ళం. అలాంటివి పెద్దవైతే పగడాలను గిల్లి తింటాయి, నిద్రపోతున్న చేపను కూడా వదలవు.

మోంటిపోరా అనే మరో పగడం ముక్కను మందు నీళ్ళలో ముంచి, రబ్బరు బుడ్డి గొట్టంతో నీటిని విసురుగా కొట్టినప్పుడు బియ్యపు గింజలో సగమంత తెల్లటి తునక ఒకటి ఊడి పళ్ళెంలో పడింది. భూతద్దం కింద చూస్తే వీపంతా కుచ్చుల్లా వేళ్ళు. మోంటిపోరాను తిని బతికే న్యూడిబ్రాంక్, పెంకు లేని సముద్రపు నత్త. దీనితో అసలు చిక్కు గుడ్లతోనే. పెద్ద ప్రాణిని చంపే మందు గుడ్లను చంపదు. అందుకని ముక్క అంటించి ఉన్న చిన్న దిమ్మను పూర్తిగా విరిచి పారేశాను. పగడం అడుగు భాగాన్ని బ్లేడుతో గీకి, పళ్ళు తోముకునే బ్రష్‌తో రుద్దాను. అయినా ఇది ఇప్పట్లో పెద్ద ట్యాంకులోకి వెళ్ళదు. గుడ్లు పొదిగితే వచ్చే పిల్లలను పట్టుకోవడానికి మళ్ళీ మళ్ళీ మందులో ముంచుతూ, విడి తొట్టెలోనే కొన్ని వారాలు ఉంచాలి.

ఇక అయిప్టేషియా. ఇది పగడాలకు చుట్టమైన మెత్తటి ప్రాణి, ఒక రకం అనిమోన్. ఎడమ వైపు రాతి మీద రెండు కొత్త మొలకలు కనిపించాయి. గాజులాంటి గోధుమ రంగు కాడ, పైన సన్నటి వేళ్ళ గుత్తి. గాజు దగ్గరికి తల వంచేసరికి నీడ పడి ఒకటి రాతి సందులోకి ముడుచుకుపోయింది. చూడడానికి పువ్వులా ముద్దొస్తుంది కానీ పక్కనున్న పగడాన్ని కుట్టి చంపుతుంది. పీకితే చాలదా అంటే చాలదు. పాదం నుంచి చిన్న ముక్క రాతికి అంటుకుని మిగిలినా దాని నుంచి మరో అనిమోన్ పుడుతుంది. పగడాలలో ఉండే తరహా నాచే దీని ఒంట్లోనూ ఉంటుంది కనుక, వేడికి పగడాలు ఎందుకు పాలిపోతాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగశాలల్లో పెంచుతారు. పగడాల బాగు కోరేవాళ్ళకు అది అంత అక్కరకు వస్తోందని తెలిసినప్పటి నుంచి దాని మీద నాకు గౌరవం పెరిగింది. నా ట్యాంకులో మాత్రం ఉండనివ్వను.

ఆ రాయిని తీసి మరిగే నీళ్ళలో వేస్తే సరిపోతుంది కదా అన్నారు మావారు. వద్దని గట్టిగా చెప్పాను. రాళ్ళ మీద ఉండే జోయాంథిడ్‌లనే పగడాల చుట్టాలు కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. వేడికి అది ఆవిరితో పాటు గాలిలోకి లేచి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేయగలదు. రీఫ్ ట్యాంకు పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాల్సిన సంగతి ఇది.

అయిప్టేషియాకు నేను వాడేది సున్నం. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని పొడిని కొద్ది నీళ్ళతో పెరుగులా కలుపుతుండగా రాజమహేంద్రవరం నుంచి అమ్మ ఫోను. అక్కడ రాత్రి భోజనాలయ్యాయట.

"ఏమ్మా, ఆకుకు రాసుకునే సున్నమేనా?"

"అదేనమ్మా. ఇక్కడ ఊరగాయ ముక్కలు కరకరలాడడానికి వేస్తారు. ఏమీ కలపని పొడి అయితే నాకూ పనికొస్తుంది."

"బూడిదగుమ్మడి ముక్కలను సున్నపు తేటలో నానబెట్టేవాళ్ళం. మరి చేపలకు మంట పుట్టదూ?"

మంచి ప్రశ్నే. ఆ మంటే అయిప్టేషియాను చంపేది. పంపులు ఆపి, మొండి సూది ఉన్న సిరంజితో, నీడ పడకుండా పక్క నుంచి చేయి పెట్టి, ఆ వేళ్ళ మధ్యలో సున్నం ముద్దను మెల్లగా వదలాలి. ఆహారమనుకుని పట్టుకుంటుంది. పైన ఇంకొంచెం కప్పి పావుగంట కదిలించకూడదు. ఒకేసారి ఎక్కువ వేస్తే నీటి పీహెచ్ అమాంతం పెరిగి చేపలకే ముప్పు. అందుకే రెండింటితో ఆపాను. సున్నపు తేటను మాత్రం నేను రోజూ వాడతాను. ఆవిరైన నీటికి బదులు రాత్రి పూట చుక్కలు చుక్కలుగా పోస్తే పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి కాల్షియం అందుతుంది. అమ్మకు ఈ మాట బాగా నచ్చింది.

విశాఖలో ఉన్న తమ్ముడు కూడా ఇలాంటి ట్యాంకు పెట్టాలనుకుంటున్నాడని అమ్మ చెప్పింది. చేపలతో సరిపెట్టుకోమని చెప్పమన్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో గట్టి పగడాలన్నింటినీ చేర్చారు. మన్నార్ గల్ఫ్‌లోనో అండమాన్‌లోనో తీసిన ముక్క ఎవరి చేతిలోనూ ఉండకూడదు. ఆ చట్టం ఉన్నందుకు నాకు సంతోషమే.

రాత్రి ట్యాంకు లైట్లు ఆరాక ఎర్ర కాగితం చుట్టిన టార్చితో కూర్చున్నాం. ఆ వెలుతురుకు చాలా ప్రాణులు బెదరవు. గులాబి రంగు ఒంటికి రెండు వైపులా తెల్లటి నూగుతో బ్రిసిల్ పురుగులు సందుల్లోంచి సాగి, చేపలు వదిలేసిన మేతను లాక్కెళ్తున్నాయి. నూగు చేతికి గుచ్చుకుంటే టేపు అంటించి లాగాల్సిందే. అలాగని వాటిని ఏరిపారేస్తే ఆ మిగులు మేత కుళ్ళి నీటిని పాడు చేస్తుంది. అవి విపరీతంగా పెరిగాయంటే మనం మేత ఎక్కువ వేస్తున్నామని లెక్క.

కుడి మూల నుంచి 'టక్' మన్న చప్పుడు మళ్ళీ వినిపించింది. నత్తలను పగలగొట్టి తినే మాంటిస్ రొయ్య అయి ఉంటుందని మా వాడి ఆశ, డెక్కతో చప్పుడు చేసే పిస్టల్ రొయ్య అని నా అనుమానం. రాతి కింది కన్నంలోంచి రెండు మీసాలు మాత్రం కనిపించాయి. మాంటిస్ అయితే కన్నం ముందు పగిలిన నత్త గవ్వలు పడి ఉండాలి. నత్తలన్నీ క్షేమంగా గాజు మీద తిరుగుతున్నాయి. కాబట్టి బోను పెట్టడం లేదు. పిస్టల్ రొయ్య అయితే దాని మానాన దాన్ని బతకనిస్తాం. పగిలిన గవ్వ ఒక్కటి కనబడినా సీసా బోను దించి, పట్టుకుని వేరే తొట్టెలో పెట్టాలని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. వాడు తన నోటు పుస్తకంలో టైము రాసుకుని పడుకున్నాడు.

రేపు పొద్దున్నే నీటి క్షారత (ఆల్కలినిటీ) చూడాలి, ఇంత సున్నం పడ్డాక పెరిగి ఉంటుంది. విడి తొట్టెలో నీళ్ళు మార్చాలి. ఆ ఎడమ రాతి వెనక భాగం ఇవాళ సరిగ్గా కనబడలేదు, చిన్న అద్దం పెట్టి అక్కడా వెతకాలి.