బైనాక్యులర్ ఎంపిక లాగ్: ఎనిమిది సైజుల్లోంచి ఒకటి

అవసరం ఏమిటి

పక్షులు చూడటం, నడక, చెరువు గట్టు మీద తెల్లవారుజాము, సాయంత్రం వెలుతురు తగ్గాక మరో అరగంట. చేత్తో పట్టుకునే చూడాలి, ట్రైపాడ్ లేదు. కళ్లజోడు పెట్టుకునే చూడాలి. గంటల తరబడి మెడలో ఉండాలి కాబట్టి 800 గ్రాములు దాటకూడదు. ఈ నాలుగు షరతులూ ముందే కాగితం మీద రాసుకోకపోతే, దుకాణంలో "ఎక్కువ జూమ్" ఉన్నదే నచ్చుతుంది.

మొదటి జాబితా: 10×25, 8×32, 8×40 పోర్రో, 8×42 రూఫ్, 10×42 రూఫ్, 7×50, 12×50, 10–30×50 జూమ్. (పోర్రో, రూఫ్ అనేవి లోపలి ప్రిజం రకాలు, వాటి సంగతి తర్వాత.)

కాగితం మీద కోత

8×42 అంటే 8 రెట్లు దగ్గరగా కనిపిస్తుంది, ముందు లెన్స్ వ్యాసం 42 మి.మీ. ఇంతవరకూ అందరికీ తెలుసు. అసలు పని చేసేది ఆ రెండింటి భాగహారం. 42ని 8తో భాగిస్తే 5.25 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించే వైపు లెన్స్) లోంచి బయటికొచ్చే కాంతి కట్ట వెడల్పు అది, దాన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. కంటిపాప పట్టపగలు 2 నుంచి 3 మి.మీ. మాత్రమే తెరుచుకుంటుంది. చీకట్లో చిన్న వయసువాళ్లకి 7 దాకా పోతుంది, వయసు పెరిగేకొద్దీ ఆ గరిష్ఠం తగ్గుతూ వస్తుంది.

జాబితాకి ఈ లెక్క వేస్తే: 10×25కి 2.5, 8×32కి 4, 8×40కి 5, 8×42కి 5.25, 10×42కి 4.2, 7×50కి 7.1, 12×50కి 4.2. జూమ్‌కి 10 దగ్గర 5, 30 దగ్గర 1.7.

జూమ్ ముందు పోయింది. 30 రెట్ల దగ్గర బొమ్మ మసకగా ఉంటుంది, చేతి వణుకు కూడా 30 రెట్లవుతుంది. తక్కువ రెట్ల దగ్గర చూపు వెడల్పు మామూలు 10× కన్నా ఇరుకు. రెండు గొట్టాల్లోని లెన్సులూ ఒకే కొలతలో కదలాలి, చవక యంత్రాంగంలో ఆ జత కుదరదు. కుదరకపోతే తలనొప్పి.

12×50 చేతిలో నిలవదు. 10 రెట్లు దాటాక చాలామందికి వణుకు వల్ల పోయే వివరం, రెట్ల వల్ల వచ్చే వివరాన్ని మింగేస్తుంది. ట్రైపాడ్ ఉంటే మంచి సైజే, ఇక్కడి షరతుకి కాదు.

7×50 పడవ మీద, రాత్రి ఆకాశానికి. కిలో దగ్గర బరువు. పగలు 7 మి.మీ. కాంతి కట్టలో సగానికి మించి కంటిపాప బయటే పడి వృథా అవుతుంది. వీటిల్లో చాలావాటికి ఒక్కో కన్నుకి విడివిడిగా ఫోకస్ చేయాలి. దూరపు ఓడలకి అది సరిపోతుంది, కొమ్మ మారే పిట్టకి కాదు.

10×25 జేబులో పడుతుంది, అంతవరకే. 2.5 మి.మీ. కట్టలో కన్ను రవ్వంత జరిగితే బొమ్మ నల్లబడుతుంది. సాయంత్రం దండగ.

మిగిలినవి నాలుగు: 8×32, 8×40 పోర్రో, 8×42, 10×42.

8కీ 10కీ మధ్య

కంటిపాప పూర్తిగా తెరుచుకున్న మసక వెలుతురులో, గాజు నాణ్యత సమానమైతే, బొమ్మ ప్రకాశం ఎగ్జిట్ ప్యూపిల్ వర్గాన్ని బట్టి ఉంటుంది. 8×42కి 27.6, 10×42కి 17.6, 8×32కి 16. అంటే సాయంత్రం 8×42 బొమ్మ, 10×42 బొమ్మ కన్నా ఒకటిన్నర రెట్లు వెలుగు. పట్టపగలు ఈ తేడా కంటికి తెలియదు. కంటిపాప 2.5 మి.మీ. దగ్గర ఉన్నప్పుడు 8×42లో వాడుకలో ఉండేది 20 మి.మీ. లెన్సే, 8×32లోనూ అంతే. అయినా పెద్ద కట్టతో పగలూ ఒక లాభం ఉంది. కన్ను కొద్దిగా పక్కకి జరిగినా బొమ్మ పోదు, అందుకే ఎక్కువసేపు చూసినా అలసట తక్కువ.

ట్విలైట్ ఫ్యాక్టర్ అని పెట్టె మీద మరో అంకె కనిపిస్తుంది. రెట్లనీ లెన్స్ వ్యాసాన్నీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది: 8×42కి 18.3, 10×42కి 20.5. దీని ప్రకారం 10×42దే పైచేయి. దీంట్లో గాజు నాణ్యత ఎక్కడా లేదు. అధ్వాన్నపు 10×42కీ, అత్యుత్తమ 10×42కీ ఒకటే అంకె. పట్టించుకోకపోయినా నష్టం లేదు.

చూపు వెడల్పు 1000 మీటర్ల దూరంలో ఎన్ని మీటర్లు కనిపిస్తాయో చెబుతుంది. ఒక డిగ్రీకి సుమారు 17.5 మీటర్లు. 8 డిగ్రీలుంటే 140 మీటర్లు, 6.5 డిగ్రీలుంటే 114. సాధారణంగా 8×42లు 130–140 మధ్య, 10×42లు 105–114 మధ్య ఉంటాయి. ఎగిరే పిట్టని పట్టుకోవడానికి ఈ పాతిక మీటర్లు చాలా పెద్ద తేడా.

కొన్ని పెట్టెల మీద కోణం ఒక్కటే, అదీ 60 పైన కనిపిస్తే అది కంటికి తోచే కోణం, అసలు కోణం కాదు. అందులోనూ రెండు లెక్కలున్నాయి: 8 డిగ్రీల్ని 8తో గుణిస్తే 64, ఐఎస్ఓ సూత్రంలో టాంజెంట్ వాడి లెక్కిస్తే 58 చిల్లర. ఒకే బైనాక్యులర్, రెండు అంకెలు. పోల్చేటప్పుడు మీటర్లలో ఇచ్చిందే నమ్మాలి.

ఫోకస్ లోతు రెట్ల వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 64కి 100 నిష్పత్తి. పొదల్లో 10×తో చక్రం తిప్పుతూనే ఉండాలి, 8×తో సగం సార్లు ఊరుకోవచ్చు.

10×42 ఇక్కడ పోయింది. విశాలమైన నీటి మీద, మైదానంలో, దూరపు గద్దలకి అదే సరైనది. చెట్ల మధ్య నడకకి కాదు.

ప్రిజం, పూత

పోర్రో ప్రిజం ఉన్నవాటి గొట్టాలు మెలిక తిరిగి వెడల్పుగా ఉంటాయి, రూఫ్ ప్రిజంవి తిన్నగా ఉంటాయి. తక్కువ ఖర్చులో పోర్రో బొమ్మే బాగుంటుంది, దానికి కారణం ఉంది. రూఫ్ ప్రిజంలో కాంతి రెండు వాలులుగా చీలి మళ్లీ కలుస్తుంది. ఆ రెండు భాగాల తరంగాలు ఒకదానికొకటి కాస్త వెనకాముందూ అయి (ఫేజ్ తేడా) కాంట్రాస్ట్ తగ్గుతుంది. దాన్ని సరిచేసే ఫేజ్ పూతని జర్మన్ కంపెనీ జైస్ 1988లో తెచ్చింది. ఎక్కువ రూఫ్ బైనాక్యులర్లలో ఉండే ష్మిట్–పెచాన్ ప్రిజంలో ఒక ముఖానికి అద్దంలా మెరిసే పూత కూడా వేయాలి: అల్యూమినియం అయితే కాంతిలో దాదాపు పదో వంతు పోతుంది, వెండి అయితే ఇంకా తక్కువ, డైఎలెక్ట్రిక్ (లోహం కాని పలుచని పొరలు) అయితే ఒక శాతం లోపే. పోర్రోకి ఈ రెండు ఖర్చులూ లేవు. కాబట్టి వివరాల్లో ఫేజ్ కోటింగ్ మాట లేని రూఫ్ జతని పక్కన పెట్టడమే మేలు.

ప్రిజం చేసే గాజుల్లో బాక్4 వక్రీభవన గుణకం (కాంతిని వంచే శక్తి) 1.569, బీకే7ది 1.517. పోర్రోలో ఇది కంటికే కనిపిస్తుంది. బైనాక్యులర్‌ని 30 సెం.మీ. దూరంలో పట్టుకుని వెలుగున్న ఆకాశం వైపు చూపిస్తే ఐపీస్‌లో ఒక వెలుగు చుక్క. అది నిండు గుండ్రంగా ఉంటే బాక్4. అంచులు నలుచదరంగా కత్తిరించినట్టు బూడిదరంగు నీడలుంటే బీకే7. రూఫ్ ప్రిజంలో ఈ తేడాకి అంత విలువ లేదు, అయినా పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేస్తారు.

పూత లేని ప్రతి గాజు ముఖం దగ్గరా కాంతి 4 శాతం వెనక్కి పోతుంది. పది ముఖాలుంటే చివరికి మిగిలేది 66 శాతం. ఒక పొర పూతతో ఒక్కో ముఖం దగ్గర 1.5 శాతం పోయినా 86 మిగులుతుంది. బహుళ పూతతో అర శాతమే పోతే 95. "కోటెడ్" అంటే ఎక్కడో ఒక ముఖానికి వేశారని, "ఫుల్లీ మల్టీ కోటెడ్" అంటే గాలి తగిలే అన్ని ముఖాలకీ బహుళ పూత అని. మాట నమ్మక్కర్లేదు: ట్యూబ్‌లైట్ కింద లెన్స్‌ని వంచి లోపలి ప్రతిబింబాలు లెక్కపెట్టాలి. అన్నీ మసక ఆకుపచ్చగా, ఊదాగా ఉండాలి. వాటి మధ్య ఒకటి తెల్లగా మెరిస్తే ఆ ముఖానికి పూత లేదు.

మెరిసే ఎర్ర లెన్సులున్నవాటిని ముట్టుకోకపోవడం మంచిది. ఎరుపు కాంతిని వెనక్కి తోసేసి బొమ్మని ఆకుపచ్చగా మారుస్తాయి. పిట్ట రంగు చూడటానికే కదా కొనేది.

8×40 పోర్రో బొమ్మ బాగున్నా వానకి ఆగదు. ఫోకస్ చేసినప్పుడు ఐపీస్‌లు బయటికి కదిలే నిర్మాణం కాబట్టి తేమ లోపలికి చేరుతుంది. జాబితాలోంచి తీసేయడానికి మనసు ఒప్పుకోదు గానీ తెల్లవారుజాము చెరువు గట్టు తేమకి ఇది కుదరదు. పొడి వాతావరణంలో, తక్కువ ఖర్చులో కొనేవాళ్లు ముందు దీన్నే చూడాలి.

చేతిలో పట్టుకున్నాక

మిగిలినవి 8×32, 8×42. కళ్లజోడు షరతు ఇక్కడ తేలుతుంది. ఐ రిలీఫ్ అంటే బొమ్మ మొత్తం కనిపించాలంటే కన్ను ఐపీస్‌కి ఎంత దూరంలో ఉండాలో ఆ దూరం. కళ్లజోడుకి కనీసం 16 మి.మీ. కావాలి. కాగితం మీది అంకె లెన్స్ ఉపరితలం నుంచి కొలిచింది. లెన్స్ అంచు కిందకి దిగి ఉంటుంది కాబట్టి చేతికొచ్చేది రెండు మూడు మి.మీ. తక్కువ. పరీక్ష సులువు: ఐకప్‌లు (ఐపీస్ చుట్టూ పైకీ కిందకీ కదిలే కప్పులు) పూర్తిగా దింపి, కళ్లజోడుతో చూస్తే బొమ్మ చుట్టూ నల్ల వలయం పదునుగా, మొత్తంగా కనిపించాలి. వలయం కనపడకపోతే ఐ రిలీఫ్ చాలదు. వలయం కనిపిస్తూనే లోపల నల్ల మరకలు ఈదుతుంటే ఎక్కువైంది, ఐకప్‌ని ఒక మెట్టు పైకి తిప్పాలి.

చూసిన 8×32 దగ్గర వలయం కనపడలేదు. పేరుకి 15 మి.మీ. 8×42ది 17.5, హాయిగా సరిపోయింది. 8×32ల్లోనూ ఎక్కువ ఐ రిలీఫ్ ఉన్నవి దొరుకుతాయి, కళ్లజోడు లేనివాళ్లకి 500 గ్రాముల 8×32 నడకలో గొప్ప సుఖం.

ఎంచిన 8×42 మీద చేసిన మిగతా పరీక్షలు:

గొట్టాల సమాంతరత. గోడ అంచు లాంటి దూరపు అడ్డగీతని చూస్తూ, కళ్లని మెల్లగా 10–15 సెం.మీ. వెనక్కి జరపాలి. రెండు వృత్తాల్లో గీత ఒకే ఎత్తున ఉండాలి. అడ్డంగా చిన్న తేడాని కళ్లు సర్దుకుంటాయి, నిలువు తేడాని సర్దుకోలేవు. ఈ తప్పు కనిపిస్తే ఇంట్లో స్క్రూలు తిప్పకుండా తిరిగిచ్చేయాలి.

అసలు వ్యాసం. ఫోకస్‌ని దూరానికి పెట్టి, ఐపీస్‌కి కాస్త దూరం నుంచి సన్నని టార్చి వేసి, ముందు లెన్స్ మీద పడే వెలుగు వృత్తాన్ని స్కేలుతో కొలవాలి. 42కి బదులు 36, 37 వస్తే లోపల చిన్న వలయంతో కోసేశారన్నమాట.

రంగు అంచులు. వెలుగున్న ఆకాశం మీద కరెంటు తీగ. మధ్యలో ఊదా అంచు ఉండకూడదు, చివర్లలో కొద్దిగా ఉంటే ఫర్వాలేదు. ఈడీ గాజు తగ్గించేది దీన్నే. సూర్యుడి వైపు మాత్రం ఏ పరీక్ష పేరుతోనూ తిప్పకూడదు, క్షణంలో చూపు పోతుంది.

ఫోకస్ చక్రం. దిశ మార్చినప్పుడు ఖాళీగా తిరగకూడదు. అతి దగ్గరి ఫోకస్ 2 మీటర్లు ఉంటే సీతాకోకచిలుకలకీ పనికొస్తుంది.

సర్దుబాటు

ముందు గొట్టాల మధ్య దూరం: మడత తెరుస్తూ మూస్తూ రెండు వృత్తాలు ఒకటయ్యేవరకు. తర్వాత కుడి ముందు లెన్స్‌ని మూతతో కప్పి (కన్ను మూస్తే రెండో కన్ను బిగుసుకుంటుంది) మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్. 50 మీటర్ల అవతల ఏదైనా సన్నని అక్షరం మంచిది. ఇప్పుడు ఎడమ లెన్స్ కప్పి, మధ్య చక్రం ముట్టకుండా, కుడి ఐపీస్ దగ్గరి డయాప్టర్ వలయం (ఆ ఒక్క కంటికే ఫోకస్ సర్దేది) తిప్పాలి. వలయాన్ని ప్లస్ చివరి నుంచి మొదలుపెట్టి బొమ్మ తేటపడగానే ఆపాలి. మైనస్ వైపు నుంచి వస్తే కన్ను తానే సర్దుకుని తప్పు చోట ఆపుతుంది. రెండు మూడు సార్లు చేసి ఒకేచోట ఆగితే అక్కడ గుర్తు పెట్టుకోవాలి. చాలామంది "బాగాలేదు" అని పక్కన పడేసిన బైనాక్యులర్లలో తప్పు ఈ వలయానిదే.

బయట వాడకం

స్ట్రాప్‌ని ఛాతీ మధ్యకి వచ్చేంత పొట్టిగా పెడితే ఊగదు. భుజాల మీదుగా వేసే హార్నెస్ అయితే మెడకి బరువే తెలియదు. మోచేతులు పక్కటెముకలకి ఆనించాలి. పిట్ట మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తేవాలి, తల దించి వెతికితే దొరకదు.

నైట్రోజన్ నింపినది కాబట్టి లోపల మంచు పట్టదు. ఏసీ కారులోంచి తేమ గాలిలోకి దిగినప్పుడు బయటి లెన్సుల మీద మాత్రం పడుతుంది, దానికి ఏ గ్యాసూ అడ్డు కాదు. తుడవకుండా కాసేపు ఆగితే పోతుంది. నీటి రక్షణ గుర్తు ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు, వానకి ఎక్కువే.

దుమ్ముని మొదట బ్లోయర్‌తో, తర్వాత మెత్తని బ్రష్‌తో. ఆ తర్వాతే లెన్స్ ద్రవం, అదీ గుడ్డ మీద చల్లి. చొక్కా కొంగుతో పొడిగా రుద్దితే ఇసుక రేణువులు పూతని గీరేస్తాయి. తోలు సంచిలో మూసి పెడితే తేమకి బూజు పడుతుంది, అది పూతని తినేశాక తుడిచినా మరక పోదు. గాలి చొరబడని డబ్బాలో, రంగు మారే సిలికా జెల్‌తో ఉంచాలి. రంగు మారాక జెల్‌ని వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనిచేస్తుంది.

ప్రస్తుత స్థితి: 8×42 రూఫ్, ఫేజ్ పూత, డైఎలెక్ట్రిక్ అద్దం, 720 గ్రాములు, 138 మీటర్ల వెడల్పు. మిగిలిన పని, ఎప్పుడైనా ట్రైపాడ్ వాడాల్సి వస్తే దానికి అడాప్టర్. ముందు మడత దగ్గరి చిన్న మూత విప్పితే పావు అంగుళం మర రంధ్రం ఉంది, సాధారణ ఎల్ ఆకారపు అడాప్టర్ దానికి సరిపోతుంది.