బర్క్ చర్మం, హేర్ జాడ

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరా వెళ్లినవాళ్లంతా ముందు కోట చూస్తారు. మా మేనకోడలు మాత్రం నన్ను ముందుగా సర్జన్స్ హాల్ మ్యూజియానికి తీసుకెళ్లింది. తను ఆ ఊళ్లోనే డాక్టరు. "మావయ్యా, ఉప్మా తినేసి బయల్దేరు, తర్వాత తినబుద్ధి కాదు" అని ముందే హెచ్చరించింది.

గాజు వెనక అరచేతిలో ఇమిడిపోయే చిన్న పాకెట్ బుక్కు. ముదురు గోధుమ రంగు. మన తాతలు పద్దులు రాసుకున్న తోలు పుస్తకం లాగే ఉంది. దాని మీది అక్షరాలు చదివాక చేయి వెనక్కి తీసుకున్నాను. బర్క్ చర్మంతో చేసింది, ఉరి 1829 జనవరి 28న.

"మాకు ఫోరెన్సిక్‌లో బర్కింగ్ అని ఉండేది. ఛాతీ మీద కూర్చుని, ముక్కూ నోరూ మూసేసి చంపడం. గుంటూరులో షార్ట్ నోట్ రాసి మార్కులు తెచ్చుకున్నానే గానీ, ఆ బర్క్ ఎవరా అని ఎప్పుడూ అనుకోలేదు" అంది మేనకోడలు.

విలియం బర్క్, విలియం హేర్ ఇద్దరూ ఐర్లాండ్ నుంచి కాలవ తవ్వకం పనికి వచ్చినవాళ్లు. వెస్ట్ పోర్ట్‌లో హేర్ దంపతులు నడిపే చవక బస ఉండేది. 1827 చివర్లో అక్కడ ఉంటున్న ఒక ముసలి పింఛనుదారు జబ్బు చేసి పోయాడు. హేర్‌కి 4 పౌండ్ల అద్దె బాకీ. శవపేటికలో తోళ్లు పదును చేసే చెట్టు బెరడు నింపేసి, శవాన్ని డాక్టర్ నాక్స్ అనాటమీ పాఠశాలకు 7 పౌండ్ల 10 షిల్లింగులకు అమ్మారు. ఆ రోజుల్లో వైద్య విద్యార్థులు కోసి నేర్చుకోవడానికి చట్టప్రకారం దొరికే శవాలు చాలా తక్కువ. పాఠశాలలకు అవి ఏ మూలకీ చాలేవి కావు. చావుకోసం ఎదురుచూడటం ఎందుకనిపించింది వీళ్లకి. ఏడాది లోపే 16 మందిని చంపారు. ఎక్కువమంది అడిగే దిక్కులేనివాళ్లే. విస్కీ పోసి, మత్తెక్కాక ఊపిరాడకుండా చేసేవాళ్లు. ఒంటి మీద గాటు ఉండదు, నాక్స్ ఏమీ అడగడు.

గ్రేఫ్రయర్స్ శ్మశానంలో సమాధుల మీద ఇనప బోన్లు చూశాం, శవాలు దొంగలెత్తుకుపోకుండా పెట్టినవి. "ఇది వీళ్ల వల్లే" అని పక్కన ఎవరో తమ పిల్లలకి చెబుతున్నారు. నిజానికి వీళ్లిద్దరూ గోరీ తవ్విన పాపాన పోలేదు.

అలా నడుస్తూనే, ఆ ఇద్దరిలో ఎవడు ఎక్కువ దుర్మార్గుడా అని మా ఇద్దరికీ వాదన మొదలైంది. బర్క్ చెప్పులు కుట్టేవాడు, పాటలు పాడేవాడు, నలుగురిలో మంచివాడనిపించుకున్నాడు. తర్వాత్తర్వాత విస్కీ సీసా పక్కన లేకుండా, రాత్రంతా కొవ్వొత్తి వెలగకుండా నిద్రపట్టేది కాదని తనే ఒప్పుకున్నాడు. హేర్ తగువులమారి, చదువు రానివాడు. వాడి మనసులో ఏముందో ఎక్కడా కనబడదు. నాకు బర్క్ అంటేనే ఎక్కువ కంపరం. నవ్వుతూ సారా పోసి పిలిచేవాణ్ని ఎవరు అనుమానిస్తారు?

"నువ్వు కోర్టు సంగతి మర్చిపోతున్నావు మావయ్యా" అంది.

నిజమే. 1828 అక్టోబర్ 31న చంపిన మేరీ డొకర్టీ శవాన్ని మర్నాడు గడ్డి కింద చూసింది బర్క్ ఇంట్లో దిగిన ఒక జంట. నోరు మూసుకుంటే వారానికి 10 పౌండ్లు వస్తాయన్నా వినకుండా పోలీసుల దగ్గరికి వెళ్లారు. పూట గడవనివాళ్లు, అయినా వెళ్లారు. ఈ కథలో నాకు దణ్ణం పెట్టాలనిపించింది వాళ్లిద్దరికే. కానీ అది హత్యేనని రుజువు చేయడం డాక్టర్లకి చేతకాలేదు. దాంతో ప్రాసిక్యూషన్ హేర్‌తో బేరం పెట్టుకుంది: నిజం చెప్పు, వదిలేస్తాం. హేర్ చెప్పాడు. వాడి భార్య కోరింత దగ్గుతో ఉన్న చంటిబిడ్డని ఎత్తుకునే సాక్ష్యం చెప్పింది. డిసెంబర్ 24 పొద్దున మొదలైన విచారణ రాత్రంతా నడిచి, క్రిస్మస్ ఉదయం బర్క్‌కి ఉరి ఖాయమైంది. ఉరి తర్వాత అతని శవాన్నీ అనాటమీ బల్ల మీదే కోశారు. అస్థిపంజరం ఇప్పటికీ యూనివర్సిటీ మ్యూజియంలో ఉంది, అన్ని రోజులూ తెరవరట, మాకు కుదరలేదు. నాక్స్ మీద కేసే లేదు.

ఇద్దరి ముఖాల అచ్చులూ మిగిలాయి. బర్క్‌ది ఉరి తీశాక పోసింది, హేర్‌ది ప్రాణంతో ఉండగా పోసింది.

వెస్ట్ పోర్ట్‌కి చేరేసరికి చినుకులు. హేర్ బస ఉన్న టానర్స్ క్లోజ్ ఎప్పుడో పోయింది, ఇప్పుడు చూద్దామన్నా ఆ సందు లేదు. బర్క్ పేరు డిక్షనరీలోకి, మన వైద్య విద్యార్థుల షార్ట్ నోట్లలోకి ఎక్కింది. హేర్ పేరుతో ఏ మాటా పుట్టలేదు.

1829 ఫిబ్రవరిలో హేర్‌ని వదిలేశారు. డంఫ్రీస్‌లో జనం గుర్తుపట్టి చుట్టుముడితే, పోలీసులు రాత్రికి రాత్రే దాటించారు. చివరిసారి కనబడింది ఇంగ్లండ్ సరిహద్దు దాటాక, కార్లైల్ దగ్గర.

మర్నాడు నా మాంచెస్టర్ రైలు గంటంపావు తర్వాత కార్లైల్‌లో ఆగింది. మేనకోడలు కట్టిచ్చిన పులిహోర విప్పబోతున్నాను. ప్లాట్‌ఫాం మీద ఒక ముసలాయన టోపీ సర్దుకుంటూ, ఎవరివంకా చూడకుండా మెట్ల వైపు వెళ్లిపోయాడు. రైలు కదిలేదాకా పొట్లం అలాగే చేతిలో ఉంది.