శిక్ష పడ్డాక కూడా

కోనసీమలో మా పక్కింటక్కకి హైకోర్టు నోటీసు వచ్చింది, పాప కేసులో ముద్దాయి అప్పీలుకెళ్లాడని. అరుగు మీద కూర్చుని ఆ కాగితం నాచేత మళ్లీ మళ్లీ చదివించుకుని "శిక్ష తగ్గించేత్తారా ఏంటే?" అంది.

అప్పీలు వాడి హక్కు, కాదనను. కానీ పోక్సోలో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టంలో, నేరం రుజువయ్యాక కనీస శిక్ష కంటే తగ్గించడానికి లేదు. అలహాబాద్ హైకోర్టు నేరాన్ని తక్కువ శిక్ష ఉండే సెక్షన్‌లోకి మార్చి 7 ఏళ్లకు తగ్గించిన శిక్షని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ 10 ఏళ్లు చేసింది.

నాకు మింగుడుపడనిది ఇంకోటి. శిక్ష చాలదని అప్పీలు వేసే హక్కు బాధితులకి లేదట, ప్రభుత్వమే వెయ్యాలి, 2020లో సుప్రీంకోర్టే అదే చెప్పింది. వాళ్లు వెయ్యకపోతే ఆ తల్లి ఎవరి గుమ్మం ఎక్కాలి? రేపు పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయరు) దగ్గరికి అక్కతో నేనూ వెళ్తున్నా.