మ్యూజిక్ కంట్రోలర్‌కి అడాప్టర్ వెతికిన అనుభవం

మా చెల్లెలు తిరుపతి ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకుంటోంది. సాధనకి శ్రుతి, తాళం చేతికందేలా ఒక పెట్టె చేసిపెట్టమంది. ల్యాప్‌టాప్‌లో మోగే తంబురాని పెంచడానికి, తగ్గించడానికి నాబ్‌లు, 16 బటన్లు, ఆదితాళం ఎనిమిది అక్షరాలకి ఎనిమిది లైట్లు. ఆర్డినో లియొనార్డో అనే చిన్న కంప్యూటర్ లాంటి బోర్డు తీసుకున్నాను. దానికి కోడ్ రాస్తే యూఎస్‌బీలోనే మిడి పరికరంగా పనిచేస్తుంది (మిడి అంటే సంగీత పరికరాలూ కంప్యూటరూ మాట్లాడుకునే పద్ధతి). పెట్టె, కోడ్ తొందరగానే అయిపోయాయి. తల తిన్నది కరెంటే.

బోర్డు, నాబ్‌లు కలిపి లాగేది కొంచెమే. అసలు తిండిపోతులు లైట్లు. డబ్ల్యూఎస్ 2812 రకం లైటు పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీయాంప్‌ల దాకా లాగుతుంది. బటన్ల కింద 16, తాళానికి 8, మొత్తం 24. అంటే 1.44 యాంప్‌లు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లే. వెలుగు తగ్గిస్తే సరిపోతుంది గానీ, పగటిపూట కిటికీ పక్కన కూర్చుంటే ఏ అక్షరం వెలిగిందో కనపడదు.

ఇంట్లో పాత రూటర్‌ది 12 వోల్టుల అడాప్టర్ ఉంది. బోర్డు జాక్‌కి 7 నుంచి 12 వోల్టులు ఇవ్వొచ్చు, నిజమే. కానీ వోల్టేజీని తగ్గించే దాని రెగ్యులేటర్ చిప్ 5 వోల్టులు బోర్డుకిచ్చి మిగతా 7 వోల్టుల్నీ వేడిగా వదిలేస్తుంది. అర యాంప్ లాగినా మూడున్నర వాట్లు, గోరంత చిప్ మీద. అదీ మూసిన చెక్కపెట్టెలో, మే నెల తిరుపతిలో! గిటార్ వాయించే స్నేహితుడు, గిటార్ శబ్దాన్ని మార్చే తన పెడల్‌ది 9 వోల్టుల అడాప్టర్ ఇస్తానన్నాడు. దాని ప్లగ్‌లో మధ్యలో మైనస్, ఆర్డినోకి మధ్యలో ప్లస్ ఉండాలి. అడాప్టర్ మీది చిన్న బొమ్మ చూసి తిరిగిచ్చేశాను.

గాంధీ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ షాపాయన నా లెక్క విని, "లైట్లకి 5 వోల్టులే నేరుగా ఇచ్చేయ్ నా. 3 యాంప్‌లది తీస్కో, ఏం కాలిపోదు. దానికి కావల్సినంతే లాక్కుంటాది" అన్నాడు. బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల) గుర్తున్నది ఒకటి, దాంతోపాటు 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ కొన్నాను. లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగినప్పుడు వోల్టేజీ పడిపోకుండా అది కాస్తుంది.

బోర్డుకి యూఎస్‌బీ కరెంటే ఉంచి, లైట్లకి మాత్రం అడాప్టర్ ఇచ్చాను. రెండింటి గ్రౌండ్‌లు, అంటే మైనస్ వైర్లు, కలపాలి, లేకపోతే లైట్లు పిచ్చిపిచ్చిగా మెరుస్తాయి. ప్లస్‌లు మాత్రం కలపకూడదు, అడాప్టర్ కరెంటు ల్యాప్‌టాప్ పోర్టులోకి ఎదురెక్కొచ్చు.

ఎక్కువసేపు కూర్చోబెట్టింది గ్రౌండే. బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చి ప్రయత్నించే పలక) మీద లైట్లకీ నాబ్‌లకీ ఒకే సన్నటి గ్రౌండ్ వైరు వెళ్లింది. తాళం మొదలుపెడితే, నాబ్ మీద చెయ్యి లేకపోయినా, స్క్రీన్ మీద తంబురా వాల్యూమ్ 63 నుంచి 64కి, మళ్లీ 63కి గెంతుతోంది. సరిగ్గా లైటు వెలిగినప్పుడల్లా! లైట్ల కరెంటు ఆ వైరులో తిరిగి వెళ్తూ నాబ్‌ల గ్రౌండ్‌ని కాస్త పైకి లేపుతోందన్నమాట. లైట్ల గ్రౌండ్‌ని లావు వైరుతో నేరుగా అడాప్టర్ జాక్‌కి తీసుకెళ్లి, బోర్డు గ్రౌండ్‌ని కూడా అక్కడే కలిపాను. అంకె కదలడం మానేసింది. ఎంత మంచి అడాప్టర్ కొన్నా ఈ గెంతులు పోయేవి కావు.

కరెంటు పోతే చెల్లెలు లైట్లకి పవర్‌బ్యాంకు పెట్టుకుంటోంది. అక్కడింకో తిరకాసు. తాళం ఆపి లైట్లన్నీ ఆరిపోతే, లాగే కరెంటు మరీ తక్కువై, వాడేవాళ్లెవరూ లేరనుకుని పవర్‌బ్యాంకు తనంతట తనే ఆఫ్ అయిపోతుంది. అందుకని బటన్ల కింది లైట్లు ఎప్పుడూ కాస్త వెలుగుతో ఉండేలా కోడ్ మార్చాను. ఏ రంగులో అన్నది చెల్లెలింకా తేల్చలేదు, ప్రస్తుతానికి పసుపు.