నాలుగో తరగతి చదవని పాపని నాలుగో తరగతి సర్టిఫికెట్ అడిగారు

మా పాప పదో తరగతి పరీక్షకి వయసు మినహాయింపు ఫైలు మీద నిన్న సాయంత్రమే సంతకం అయింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

మాది చీమకుర్తి. నేను గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాను. మా పాప మూడో తరగతిలోనే ఐదో తరగతి లెక్కలు చేస్తుంటే హెడ్మాస్టరు గారే పరీక్ష పెట్టి, డబుల్ ప్రమోషన్ ఇచ్చి ఐదులో కూర్చోబెట్టారు. మేం అడగలేదు. ఆ తర్వాత తను ఎక్కడా వెనకబడలేదు.

పదో తరగతి పరీక్ష రాయాలంటే ఆగస్టు 31 నాటికి 14 ఏళ్లు నిండాలి. పాపకి ఏడాదికి పైనే తక్కువ. వయసు మినహాయింపు దరఖాస్తు, బర్త్ సర్టిఫికెట్, అండర్ ఏజ్ ఫీజు 300 రూపాయలు స్కూల్లో ఇచ్చాం. అంతవరకు ఒక్కరోజు పని.

తర్వాత ఫైలు ఒక ఆఫీసులో ఆగింది. "నాలుగో తరగతి స్టడీ సర్టిఫికెట్ ఏదయ్యా?" అన్నాడు గుమాస్తా. చదవలేదు సార్, మూడు నుంచి ఐదుకి పంపారు అన్నాను. "చదవకుండా ఎట్లా పోయింది? పుట్టిన తేదీ దిద్దించుకొచ్చారా?" అని అందరూ వినేలా అడిగాడు. కూలి పోగొట్టుకుని మూడుసార్లు తిరిగాను. మూడోసారి పాపని కూడా తీసుకెళ్లాను. "అంత తెలివైనదానివా, పదిహేడో ఎక్కం చెప్పు" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా పదిహేడు ఇరవైలు మూడు వందల నలభై దాకా ఆగకుండా చెప్పింది. నా బిడ్డని చూసి గర్వపడ్డాను. ఫైలు కదలడానికి ఎక్కం అప్పజెప్పాలని ఏ రూల్లో ఉంది? వయసు సరిపోయిన పిల్లల్ని ఎవరైనా ఇలా నిలబెడతారా?

చివరికి పాత స్కూలు అడ్మిషన్ రిజిస్టర్‌లో 'మూడు నుంచి ఐదుకు ప్రమోట్ చేయడమైనది' అన్న లైను, సంతకం దొరికాయి. జిరాక్స్ తీసుకుని నేరుగా ఆఫీసరు గారి దగ్గరికే వెళ్లాను. ఐదు నిమిషాల్లో సంతకం పెట్టారు. మీరూ గుమాస్తాల దగ్గర ఆగొద్దు. డబుల్ ప్రమోషన్ ఇచ్చిన రోజే స్టాంపుతో కాగితం తీసుకోండి, టీసీలోనూ రాయించండి.

ఇంకో సంగతి ఇప్పుడే తెలిసింది. మెడిసిన్‌లో చేరే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలట. పాపకి డాక్టర్ కావాలని ఆశ. ఇంటర్ అయ్యాక ఒక ఏడాది ఆగాల్సిందే. ముందే తెలిసినా ఐదుకి పంపేవాళ్లమే. మూడో తరగతిలో వచ్చిన పాఠమే మళ్లీ వింటూ, రోజూ కిటికీలోంచి లారీలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేది.