పట్టాలో లేని పేరు

మొన్న పత్తి అమ్మడానికి పెద్దబాపు వెంట వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లాను. కాంటాల దగ్గర రైతులుగా నిలబడిన వారిలో దాదాపు అందరూ మగవారే. ఆ పత్తిలో ఎక్కువ భాగం పెద్దమ్మ, ఆమెతో వచ్చిన కూలీ ఆడవాళ్లు ఎండలో నడుము వంచి ఏరినదే అయినా, బేరం, తక్‌పట్టీ (అమ్మకం రసీదు), డబ్బు మాత్రం మగవారి చేతుల్లోనే ఉన్నాయి.

భూమి పెద్దబాపు పేరిట ఉంది గనుక, 2018లో మొదలైన రైతుబంధు సాయం కూడా ఆయన ఖాతాలోనే పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చినా, 2005లో ఆ హక్కు దేశమంతటికీ విస్తరించినా, 2015-16 వ్యవసాయ గణన నాటికి దేశంలోని కమతాల్లో మహిళలవి సుమారు 14 శాతమే.

ఇది మన దగ్గరి సంగతి మాత్రమే కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023 నివేదిక ప్రకారం, ప్రపంచవ్యాప్తంగా వ్యవసాయ వేతనాల్లో పురుషుడికి ఒక డాలరు దక్కే చోట స్త్రీకి 82 సెంట్లే దక్కుతున్నాయి. ఒకే విస్తీర్ణం గల పొలాల్లో స్త్రీలు సాగుచేసేవాటి ఉత్పాదకత పురుషులవాటికన్నా 24 శాతం తక్కువగా ఉంది. ఈ రెండో అంకె చూపి ఆడవాళ్లకు సేద్యం చేతకాదనేవారు మా ఊళ్లోనూ ఉన్నారు. అప్పు, ఎరువు, యంత్రం, సలహా అందని మనిషి ఇంటి చాకిరీ కూడా ముగించుకుని పొలానికి వస్తే దిగుబడి ఎలా సమానమవుతుందో వారే చెప్పాలి.

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. తిరుగు ప్రయాణంలో, పెద్దమ్మ పేరిట ఒక ఎకరమైనా పట్టా చేయించమని అడిగితే, పెద్దబాపు “సూద్దాం తీయ్ బిడ్డా” అన్నారు. వచ్చే వారం మళ్లీ అడుగుతాను.